వెండెల్ కూర్చిన తుపాకీ

బారెల్ సెప్టెంబరులో వచ్చింది. వెండెల్ ఇంటికి పోయే మట్టిరోడ్డు నిటారుగా ఉంటుంది, టపా బండి ఎక్కదు. అందుకని అతని పార్సెళ్లన్నీ మా ఇంటికే వచ్చేవి. పొడవాటి అట్టపెట్టెను మా వంటింటి బల్ల మీదే విప్పాడు. లోపల మైనపు కాగితం, కాగితం లోపల బెల్లపు పాకంలా ముద్దకట్టిన గ్రీజు, ఆ గ్రీజు అడుగున ఎక్కడో యాభై ఏళ్ల కిందటి ఉక్కు గొట్టం. సైన్యం గోదాముల్లో పడివుండి, ఇక అక్కర్లేదని అమ్మేసిన సామాను.

మోచేతుల దాకా గ్రీజు పూసుకుని అతను దాన్ని గుడ్డపేలికలతో తుడుస్తుంటే నాకు నవ్వొచ్చింది.

“కప్పను కొయ్యమంటే కిటికీలోంచి దూకి పారిపోయినవాడివి. ఇప్పుడు చూడు.”

“కప్పకి ప్రాణం ఉంది కద మాస్టారూ.”

“సీసాలో నెల్లాళ్లు నానిన కప్పరా అది.”

“మీరు దాని మొహం చూళ్లేదు. నేను చూశాను.”

వెండెల్ నా భార్య ఆర్డిస్‌కి తమ్ముడు. నేను బడిలో జీవశాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏడు నా క్లాసులో ఉన్నాడు. ఆ తర్వాత వాళ్లక్కను చేసుకున్నాను. ఆమె పోయి అప్పటికి మూడు చలికాలాలు. యాభై దాటినా అతను నన్ను మాస్టారూ అనే పిలిచేవాడు.

ఆ జూన్‌లో దుంగల లారీ మీద వెండెల్ బిగించిన గొలుసు తెగింది. ఏళ్ల తరబడి అతనితో కలిసి పనిచేసిన గార్నెట్ కింద నిలబడి ఉన్నాడు. మిల్లువాళ్లు చూశారు, పోలీసులు చూశారు. గొలుసులో ఒక లంకె లోలోపల పుచ్చిపోయిందనీ, అది కంటికి ఆనేది కాదనీ తేల్చారు. అంత్యక్రియల రోజు గార్నెట్ భార్య వెండెల్ చెయ్యి పట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అతను లారీ తాళాలు మిల్లులో ఇచ్చేసి, తన వేట తుపాకీని గార్నెట్ పెద్దకొడుక్కి ఇచ్చేసి, కొండ మీది ఇంట్లో కూర్చున్నాడు. వేసవంతా నేను వారానికి రెండుసార్లు సూప్ గిన్నె పట్టుకుని ఆ మట్టిరోడ్డు ఎక్కాను. పోయినసారి గిన్నె ముట్టకుండా అక్కడే ఉండేది.

అలాంటివాడు హఠాత్తుగా ఒక రోజు వచ్చి, “నాన్న సైన్యంలో మోసినటువంటి ఓ-త్రీ ఒకటి కూరుద్దామనుకుంటున్నా,” అంటే నేనెంత సంతోషించానో చెప్పలేను. ఓ-త్రీ అంటే పందొమ్మిది వందల మూడు నమూనా రైఫిల్. మా మామగారు యుద్ధంలో దాన్ని మోశారు, తిరిగొచ్చాక బతికినన్నాళ్లూ పెరటి షెడ్డులో ఊరి తుపాకులన్నీ బాగుచేశారు. ఇప్పుడది కొత్తగా ఎక్కడా తయారవదు. భాగాలు ఒక్కొక్కటీ ఒక్కోచోట వెతికి, అతుక్కునేలా అరగదీసి, నూనె పట్టించి కూర్చుకోవాలి. నెలల పని. మనిషికి రేపు ఒక పని ఉందంటే చాలు, ఎల్లుండి సంగతి అదే చూసుకుంటుందనుకున్నాను.

నిజంగానే అతను తినసాగాడు. గడ్డం గీసుకున్నాడు. పార్సెల్ వచ్చిన రోజున ఈలవేస్తూ మెట్లెక్కేవాడు. అక్టోబరు మొదట్లో పడ్డ మంచుకి ఊరందరి టమాటాలూ మాడిపోతే, దుప్పటి కప్పిన నా నాలుగు మొక్కలు మాత్రం బతికాయి. వాటిని ఉప్పుతో కొరుక్కు తింటూ అతను, “అక్కయ్య ఉంటే ఇవి పులుపంటూ మిమ్మల్ని సతాయించేది,” అన్నాడు. ఆమె మాట ఎత్తడం జూన్ తర్వాత అదే మొదలు. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ చాలాసేపు నవ్వుకున్నాను.

*

బోల్టును పట్టింది నేనే.

అక్టోబరులో పక్క ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో తుపాకుల సంత పెడతారు. బల్లలు, బల్లల మీద పాత బెల్టులు, కత్తులు, తుప్పు డబ్బాలు, ఒక మూల ఆడవాళ్ల సంఘం అమ్మే యాపిల్ పైలు. వెండెల్ ఒక వరస చూస్తే నేను మరో వరస చూశాను. బారెల్‌ని బిగించిన రిసీవర్ అప్పటికే సిద్ధంగా ఉంది, భుజానికి ఆనించే అక్రోటు చెక్క వచ్చింది, ట్రిగ్గర్ వచ్చింది. తూటాను వెనకనుంచి మూసి పట్టే బోల్టు ఒక్కటే మిగిలింది. నెరిసిన జడ వేసుకున్న ఒక ముసలాయన బల్ల కింద, చేపల వల పక్కన, నూనెగుడ్డలో చుట్టి కనిపించింది.

“వెండెల్, ఇదేనేమో చూడు!” అని చిన్నపిల్లాడిలా అరిచాను.

అతను వచ్చి చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకేసి తిప్పాడు. “ఇదే,” అన్నాడు. సంతోషం లేదు, నిట్టూర్పూ లేదు. రైలు వేళ చెప్పినట్టు చెప్పాడు.

“వేరే తుపాకీది నాయనా అది,” అన్నాడు ముసలాయన. “గేజి పెట్టి చూసుకో.”

“వీళ్లకా మీరు చెప్తున్నది?” అంది యాపిల్ పై తింటూ పక్క బల్లావిడ. “ఆర్డిస్ గేజిలున్న ఇంటివాళ్లు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా లోయలో ఆ గేజిలు తెలియనివాళ్లు లేరు. తూటా పేలేటప్పుడు బోల్టు దాన్ని వెనకనుంచి బిగించి పట్టుకోవాలి. పట్టు వదులైతే నిప్పూ ఉక్కుముక్కలూ కాల్చేవాడి మొహం మీదికే వస్తాయి. ఒకచోట పుట్టి ఒకచోట పెరిగిన తుపాకీకి ఆ భయం తక్కువ. నాలుగుచోట్ల నుంచి తెచ్చి కూర్చినదానికి మాత్రం గేజి పెట్టి తీరాలి. తూటా ఆకారంలో, చిటికెన వేలంత ఉండే రెండు ఉక్కు ముక్కలవి. మొదటిదాని మీద బోల్టు మూసుకోవాలి. రెండోదాని మీద మూసుకోకూడదు. వాటిని ఆర్డిస్ ‘సరే’, ‘వద్దు’ అనేది. వాళ్ల నాన్న పోయాక ఆ రెండూ మా వంటింటి సొరుగులోకి, చెంచాల పక్కకి వచ్చాయి. తుపాకీ కూర్చిన ప్రతివాడూ తలుపు తట్టి, టోపీ తీసి, ‘గేజిలు కావాలమ్మా’ అనేవాడు. తిరిగిచ్చేటప్పుడు వేటమాంసమో, తేనెసీసానో తెచ్చేవాడు. ఆమె పోయాక నన్నడుగుతున్నారు, అంతే తేడా.

గేజి పెట్టనివాడి పక్కన వెండెల్ నిలబడేవాడు కాదు. ఒకసారి గురిపోటీలో ఎవరో కొత్తగా కూర్చిన రైఫిల్ తెస్తే, “గేజి పెట్టావా?” అనడిగాడు. “చూస్తే తెలీడం లేదూ, బిగువుగానే ఉంది,” అన్నాడతను. వెండెల్ తన చాప చుట్టుకుని ఇంటికొచ్చేశాడు. అంత జాగ్రత్త మనిషి.

సంతనుంచి వస్తూ కారులో అడిగాను: “మొదటి గుండు ఎప్పుడు? తాడు లాగడానికి నన్ను పిలుస్తావా?”

ఆర్డిస్ పుట్టింట్లో అదొక వేడుక. కొత్తగా కూర్చిన తుపాకీని మొదటిసారి ఎవరూ భుజానికి ఆనించుకోరు. పాత లారీ టైరుకి కట్టేసి, ట్రిగ్గర్‌కి పొడుగాటి తాడు కట్టి, చెట్టు చాటునుంచి లాగుతారు. పేలాక అందరూ చప్పట్లు కొట్టి కాఫీ తాగుతారు.

“తాడెందుకులెండి,” అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

నేను వినీ విననట్టు ఊరుకున్నాను. బోల్టు దొరికిన సంబరంలో ఉన్నాను.

*

నవంబరులో ఆకులన్నీ రాలిపోతాయి, అప్పుడు మా వంటింటి కిటికీలోంచి కొండ మీది వెండెల్ ఇల్లు కనిపిస్తుంది. పొగగొట్టంలోంచి పొగ వస్తోందా లేదా అని పొద్దున్నే చూడటం అలవాటైపోయింది. వస్తే కాఫీ కలుపుకునేవాణ్ణి.

జింకల వేట మొదలయ్యే సోమవారం దగ్గరపడుతోంది. లోయంతా తుపాకులు సరిచూసుకునే చప్పుళ్లు. ఎక్కడో ఒకటి ఢామ్మనడం, కొండలు దాన్ని అటూ ఇటూ విసురుకోవడం, మళ్లీ నిశ్శబ్దం. మా గుమ్మంలోకి కూడా మనుషులు రావడం మొదలైంది. పాలకేంద్రం వాళ్ల అల్లుడు వచ్చి గేజిలు తీసుకెళ్లి, రెండోనాడు గుడ్లతో తిరిగిచ్చాడు. గార్నెట్ పెద్దకొడుకు కూడా వచ్చాడు, ఎవరికోసమో. గుమ్మంలో నిలబడి, “వెండెల్ మామ ఎలా ఉన్నాడు?” అనడిగాడు. బావున్నాడన్నాను.

వెండెల్ చెక్కకి అవిసె నూనె పట్టిస్తున్నాడు. రోజూ కాస్త నూనె అరచేతిలో పోసుకుని, చెక్క వేడెక్కేదాకా రుద్దాలి. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఆ చెక్క మరికాస్త నల్లబడి, మరికాస్త లోతుగా మెరిసేది. “ఇంకెంత?” అంటే, “అయిపోవచ్చింది,” అనేవాడు. తర్వాత్తర్వాత, “అయింది,” అన్నాడు.

అయింది అన్నాక నేను సొరుగు తీసి, గేజిల డబ్బా తుడిచి, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు. కొండ దిగి పది నిమిషాల దారి. పార్సెళ్ల కోసం పరిగెత్తుకొచ్చేవాడు దానికోసం రాడా? రాలేదు. మర్చిపోయాడేమో అనుకున్నాను. వెండెల్ గేజి మర్చిపోవడం అంటే పాస్టరుగారు ఆదివారాన్ని మర్చిపోవడం. అనుకున్న మాట నాకే నచ్చక, డబ్బాను మళ్లీ సొరుగులో పెట్టేశాను.

థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజున మేకుల కోసం ట్రూడీ కొట్టుకి వెళ్లాను. మేకులు, పెయింటు, వేట లైసెన్సులు, లోయ కబుర్లు అన్నీ అక్కడే దొరుకుతాయి. కౌంటరు వెనక, పొయ్యి పక్కన, వెండెల్ కుక్క పింకీ పడుకుని ఉంది. నన్ను చూసి తోకాడించింది గానీ లేవలేదు.

“ఇదేంటి ఇక్కడ?”

“నీకు చెప్పలేదా హోలిస్?” అంది ట్రూడీ. “నిన్న తెచ్చి దింపాడు. కాస్త చూసుకో అన్నాడు. ఎన్నాళ్లయ్యా అంటే నవ్వాడు. దాని కంచం, దుప్పటి, గోళ్లు తీసే కత్తెర, అన్నీ సంచీలో సర్ది మరీ ఇచ్చాడు.”

“వేటకి పోతున్నాడేమో. తుపాకీ పూర్తయింది.”

“వేటకా? లైసెన్సేది?” కళ్లజోడు పైకి తోసుకుంది. “ప్రతి ఏడూ అందరికంటే ముందు వచ్చి నా ప్రాణం తీస్తాడు, మొదటి నంబరు నాకే కావాలని. ఈసారి తీసుకోలేదు. గుర్తుచేశాను కూడా. ‘ఈ ఏడు నాకక్కర్లేదు ట్రూడీ’ అన్నాడు. నువ్వు కూర్చో. ఏంటలా అయిపోయావు?”

నేను కూర్చోలేదు. లైసెన్సు లేనివాడు జింకను కొట్టడు. వెండెల్ అసలే కొట్టడు. మరి ఆ తుపాకీ ఎవరికోసం?

మేకులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. సొరుగు లాగి, చెంచాలన్నీ నేల మీద పడుతుంటే పడనిచ్చి, డబ్బా తీసుకున్నాను. చాలాసార్లు కాల్చదలచుకున్నవాడే గేజి అడుగుతాడు. తన మొహం తనకి రేపు కూడా కావాలనుకున్నవాడే అడుగుతాడు. ఇన్నాళ్లూ నేను అతనికి ఒక్కో భాగమూ బల్ల మీద పెట్టి అందించాను. బోల్టు కూడా.

కొండ మీద పొగ లేదు.

*

కారు మలుపుల్లో జారింది.

అతని ఇంటి వాకిలి ఊడ్చి ఉంది. కట్టెలు పేర్చి, పైన పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉన్నాయి. తలుపు తట్టాను. కాసేపటికి తీశాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల.

“మాస్టారూ,” అన్నాడు. “రండి.”

ఇల్లు బయటికంటే చల్లగా ఉంది. నేల కడిగిన వాసన. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి, నేను తెచ్చిన సూప్ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, తలుపు పక్కనే. బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద రైఫిల్. చెప్పకూడదు గానీ చాలా అందంగా ఉంది. పక్కన ఇత్తడి మెరుపుతో ఒక తూటా నిలబెట్టి ఉంది. ఒక్కటే.

“కాఫీ ఇద్దామంటే నీళ్లు లేవు,” అన్నాడు. “పైపులు ఖాళీ చేసేశాను.”

మా వైపు చలికాలం ఇల్లు మూసేసి వెళ్లేవాళ్లు పైపుల్లో నీళ్లు తీసేస్తారు. లేకపోతే గడ్డకట్టి పగిలి, తర్వాత వచ్చినవాళ్లు మోకాళ్లలోతు నీళ్లలో నిలబడాలి.

“ఎక్కడికైనా వెళ్తున్నావా?”

“లేదండీ.”

ఇద్దరం నిలబడ్డాం. లోయలో ఎవరో తుపాకీ సరిచూసుకుంటున్నారు. ఒకటి, కాసేపాగి ఇంకొకటి. ఏం చెప్పాలో దారిలో చాలా అనుకున్నాను. అవన్నీ వదిలేసి, జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

“గేజి పెట్టలేదు నువ్వు.”

డబ్బాకేసి చూశాడు. “అక్కర్లేదులెండి.”

“నాలుగుచోట్ల సామాను. ఆ బోల్టు నేను తెచ్చింది. పెట్టకుండా ఎలా వదిలేస్తాను? పెట్టు.”

“మాస్టారూ, వద్దు.”

“పెట్టరా,” అన్నాను. క్లాసులో కూడా అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

చేతులకి అలవాటైన పని. ఆ చేతులే అతన్ని కూర్చోబెట్టాయనుకుంటాను. కుర్చీ లాక్కుని, తూటాను పక్కకి జరిపి, ‘సరే’ గేజి లోపలికి తోసి, బోల్టును ఒక్క వేలితో కిందికి దించాడు. మూసుకుంది. తీశాడు. ‘వద్దు’ గేజి పెట్టాడు. బోల్టు పిడి సగంలో ఆగాలి, అక్కడ అడ్డం తగలాలి. పిడి ఎక్కడా ఆగకుండా, మెత్తగా, అడుగుదాకా దిగిపోయింది.

ఇద్దరం దానికేసే చూస్తున్నాం.

“వదులుంది,” అన్నాను.

“ఊఁ.”

“చాలా వదులుంది వెండెల్.”

“ఒక్కసారికైతే పనికొస్తుంది,” అన్నాడు.

అన్నాక తన మాట తనకే వినపడింది. తలెత్తలేదు. పిడి మీద వేలు అలాగే ఉంది. బయట పొదలో ఒక చిన్న పిట్ట అరిచి ఊరుకుంది. దాని అరుపుకి నేనెంత రుణపడ్డానో దానికి తెలియదు. ఆ గదిలో అప్పుడు ఏదో ఒకటి వినపడాలి.

చెయ్యి చాపాను. “బోల్టు ఇటివ్వు. వేరేది వెతుకుదాం.”

“నెలలు పడుతుంది.”

“పట్టనీ.”

“దొరక్కపోతే?”

“వెతుకుతూనే ఉందాం.”

చాపిన చెయ్యి నేను దించలేదు. చివరికి అతను బోల్టును వెనక్కి లాగి, బయటికి తీసి, లోపలున్న గేజిని జాగ్రత్తగా తుడిచి డబ్బాలో పెట్టి, ఆ తర్వాత బోల్టును నా అరచేతిలో పెట్టాడు. మంచుముక్కలా ఉంది. తూటాను నేనే తీసుకున్నాను. వద్దనలేదు.

“కోటు వేసుకో,” అన్నాను. “ఇంట్లో చికెన్ సూప్ ఉంది.”

“మళ్లీ సూపేనా?” అన్నాడు.

*

దారిలో ట్రూడీ కొట్టు దగ్గర ఆగి, గుడ్డలో చుట్టిన బోల్టూ తూటా ఆమె చేతికిచ్చి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యమన్నాను. కారులో కూర్చున్న వెండెల్‌ని కిటికీలోంచి చూసింది. పింకీ మెడకి తాడు కట్టి నా చేతికిచ్చింది.

ఆర్డిస్ కుట్టుమిషన్ ఉండే గదిలో పక్క వేశాను. పండగ రోజున కోడిని మాడ్చేశాను. అతను తిన్నాడు, ఎక్కువ పింకీకి పెట్టాడు.

వేట మొదలైన సోమవారం పొద్దున, వెలుతురు రాగానే కొండలన్నీ ఒక్కసారిగా మోగాయి. ప్రతి ఏడూ మాకది పండగ చప్పుడు. ఆ పొద్దున ప్రతి చప్పుడికీ అతని భుజాలు బిగుసుకున్నాయి. నేను రొట్టె కాలుస్తూ, రేడియో గొంతు పెంచాను. తగ్గించాడు.

“గొలుసు నేను చూశానో లేదో గుర్తులేదు మాస్టారూ.”

అతనికేసి తిరిగాను.

“అందరూ కంటికి ఆనేది కాదంటారు. అసలు చూస్తే కదా ఆనడం. రోజూ చూస్తాను. ఆ రోజు చూశానా? గార్నెట్ ఏదో చెప్తున్నాడు, వాళ్లమ్మాయి బ్యాండులో చేరిందని. నేను నవ్వుతున్నాను. నవ్వుతూ చూశానా, నవ్వుతూ వదిలేశానా? ఎంత ఆలోచించినా ఆ ముక్క లేదు. చూళ్లేదని తెలిసినా బతికేవాణ్ణేమో.”

‘చూసే ఉంటావు’ అందామనుకున్నాను. అదే మాట జూన్ నుంచీ లోయంతా అతనికి చెబుతోంది. “నాకూ తెలీదు,” అన్నాను.

అతను నాకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎవరో ఒకరు తన పక్కన బెంచీ మీద కూర్చుంటే చూసినట్టు చూశాడు. తర్వాత తల బల్లకి ఆనించి ఏడ్చాడు. రొట్టె మాడిపోయింది. బయట మోతలు మోగుతూనే ఉన్నాయి.

*

సైనికుల ఆసుపత్రి కొండలు దిగి చాలా దూరం వెళ్లాలి. వాళ్ల నాన్నలాగే వెండెల్ కూడా కుర్రతనంలో యుద్ధానికి వెళ్లొచ్చినవాడే గనక లోపలికి రానిస్తారని ట్రూడీ కనుక్కుంది. డిసెంబరు మొదటి వారంలో ఒక రోజున బయల్దేరాం. ఒకచోట, “వెనక్కి తిప్పండి,” అన్నాడు. పెట్రోలు బంకు దగ్గర ఆగి, కాఫీ తాగి, మళ్లీ ముందుకే పోయాం.

గుమ్మం దాకా వెళ్లాను. “ఇక్కణ్ణించి నేను వెళ్తాను,” అన్నాడు. గాజు తలుపు అతని వెనక మూసుకుంది. కారులో కూర్చున్నాను. వస్తాడో, వేరే తలుపులోంచి వెళ్లిపోతాడో తెలియదు. మంచు మొదలైంది. అద్దం తుడవడం, తలుపుకేసి చూడటం, మళ్లీ తుడవడం. ఒకావిడ చక్రాల కుర్చీలో ఉన్న మొగుడి మోకాళ్ల మీద తన శాలువా కప్పి, తను చలికి ఎగురుకుంటూ వెళ్లింది. ఆ శాలువా రంగు నాకింకా గుర్తుంది.

ఎప్పటికో వచ్చాడు. ఎక్కి కూర్చుని, చేతులు హీటరు ముందు పెట్టుకున్నాడు.

“డాక్టరు చిన్న పిల్ల. గార్నెట్ వాళ్ల బ్యాండు పిల్లంత ఉంది. బోలెడు అడిగింది.”

“ఊఁ.”

“తుపాకీ ఉందా అంది. ఉందిగానీ దానికి బోల్టు లేదన్నాను. అంటే ఏమిటంది. చెప్పడానికి చాలాసేపు పట్టింది.”

నేను గేరు వేశాను.

“ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా అంది.”

“ఏమన్నావు?”

“ఉంటారన్నాను.” చేతులు రుద్దుకుంటూ, “గురువారం మళ్లీ రమ్మంది. రోడ్డు బావుంటే,” అన్నాడు.

“బావుంటుంది,” అన్నాను.

అద్దం మీద మంచు దట్టంగా పడుతోంది. తుడుచుకుంటూ, నెమ్మదిగా, రోడ్డు మీదికి వచ్చాం.